దెబ్బకీ దెబ్బకీ మధ్య: వర్చువల్ డ్రమ్మర్‌తో పలచటి వాయింపు

ఒక అకౌస్టిక్ గిటారు, ఒక గొంతు. టెంపో నిమిషానికి 72 బీట్లు. పాటకి డ్రమ్స్ కావాలి కానీ, ఉన్నాయా లేవా అన్నట్టుండాలి. ఆపిల్ వాళ్ళ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రోలో, తనంతట తానే డ్రమ్స్ వాయించే డ్రమ్మర్ ట్రాక్ తెరిచి, నలుచదరపు ప్యాడ్ మీద చుక్కని ‘సాఫ్ట్’, ‘సింపుల్’ మూలకి లాగేస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ప్లే నొక్కితే తెలుస్తుంది అవ్వలేదని. హైహ్యాట్, అంటే పెడల్ మీదుండే జంట రేకులు, టిక్కుటిక్కుమంటూ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. స్నేర్, అంటే కింద తీగలుండే చిన్న డ్రమ్ము, రెండో బీట్ మీదా నాలుగో బీట్ మీదా పడుతూనే ఉంటుంది. ఎనిమిదో బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) చివర, పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే చోట, ఎవరూ అడగని ఫిల్ (దెబ్బల గుత్తి) ఒకటి దొర్లుతుంది. వాయింపు మెత్తబడిందే తప్ప పలచబడలేదు.

మెల్లగా వాయించడం వేరు, తక్కువ వాయించడం వేరు. మొదటిది ఈ సాఫ్ట్‌వేర్లు బాగానే చేస్తాయి. రెండోది మనిషి దగ్గరుండి చేసుకోవాల్సిందే. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది దెబ్బల్ని. పలచటి వాయింపులో చెవి పట్టించుకునేది ఒక దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య ఏం మోగుతోంది, ఎంతసేపు మోగుతోంది అన్నది. ఆ మధ్య భాగానికి నేరుగా స్లైడర్ కనబడదు.

ఈ అలవాట్లు ఎక్కడివి

టూన్‌ట్రాక్ వాళ్ళ ఈజీడ్రమ్మర్ 2006లో వచ్చింది. ఆపిల్ 2013లో లాజిక్ ప్రో టెన్‌తో పాటు ‘డ్రమ్మర్’ని తెచ్చింది. అడిక్టివ్ డ్రమ్స్ లాంటివీ అదే దారివి. అన్నిటి ఉద్దేశం దాదాపు ఒకటే: పాట కట్టుకునేవాళ్ళకి, డ్రమ్స్ వాయించడం రానివాళ్ళకి, వెనకాల బ్యాండ్ ఉన్నట్టు అనిపించే ట్రాక్ నిమిషాల్లో చేతికి రావాలి. అందుకే నిండుగా వాయించడమే వాటి సహజ స్థితి. గ్రూవ్ లైబ్రరీ, అంటే ముందే వాయించి పెట్టిన లయల సంపుటి, కొనేవాడు ప్రివ్యూ నొక్కి పది సెకన్లు వింటాడు. ఆ పది సెకన్లలో మూడే దెబ్బలు వినిపిస్తే ఏదో తేడా కొట్టిందనుకుని తర్వాతి దానికి వెళ్ళిపోతాడు. నిండుగా ఉన్నవే అమ్ముడుపోతాయి, కాబట్టి నిండుగా ఉన్నవే తయారవుతాయి.

తగ్గించే సాధనాలు లేవని కాదు. ఈజీడ్రమ్మర్ రెండో వెర్షన్ నుంచి ఒక్కో వాయిద్యానికి ‘అమౌంట్’ అనే నాబ్ ఉంది. దాన్ని తిప్పితే స్నేర్ దెబ్బలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) దెబ్బలో విడివిడిగా తగ్గుతాయి. లాజిక్‌లో కిట్ బొమ్మ మీద హైహ్యాట్‌ని నొక్కితే అది ఊరుకుంటుంది. ఫిల్స్ నాబ్‌ని అడుక్కి దించేస్తే రీజియన్ (ట్రాక్‌లో ఒక ముక్క) చివర్లో దొర్లడం తగ్గుతుంది. ఇవన్నీ పనికొస్తాయి. కాకపోతే ‘సింపుల్’ అంటే సాఫ్ట్‌వేర్ ఉద్దేశం అదే శైలిలో తక్కువ నోట్లు అని. పాటలో మాట ఎక్కడ పడుతోందో, గిటారు ఎక్కడ ఆగిందో దానికి పట్టదు. లాజిక్‌లో ‘ఫాలో’ అని ఒకటుంది, అది ఇంకో ట్రాక్ లయని చూసి కిక్, స్నేర్ పెడుతుంది. కానీ ఫాలో అవ్వడమంటే అవతలివాళ్ళు వాయించిన చోటే తానూ వాయించడం. పలచటి వాయింపులో చాలాసార్లు కావాల్సింది సరిగ్గా తిరగబడినది, అవతలివాళ్ళు ఆగిన చోట మోగడం.

కాబట్టి రెండు దారులు మిగులుతాయి. ఒకటి, డ్రమ్మర్‌ని ఇంటికి పంపించేసి కిట్‌ని మాత్రం ఉంచుకోవడం. అంటే ఖాళీ మిడి రీజియన్ (శబ్దం బదులు నోట్లని అంకెలుగా రాసుకునే పద్ధతే మిడి) తీసుకుని చేత్తో దెబ్బలు పెట్టుకోవడం. చాలా కిట్లలో 36వ నంబరు నోటు కిక్, 37 సైడ్ స్టిక్, 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్, 44 కాలితో మూసే హైహ్యాట్, 51 రైడ్ (ఎక్కువసేపు మోగే పెద్ద సింబల్). ఇది 1991 నాటి జనరల్ మిడి పద్ధతి, ఇప్పటికీ ఎక్కువమంది దీన్నే పాటిస్తున్నారు. రెండో దారి, మనిషి వాయించి రికార్డు చేసిన గ్రూవ్‌ని మిడిగా మార్చి, అక్కర్లేనివి చెరిపేయడం. దీనివల్ల మిగిలిన దెబ్బల బలం, సమయం మనిషివే అవుతాయి. చిక్కల్లా ఏమిటంటే, ఆ స్నేర్ రవ్వంత ఆలస్యంగా పడింది పక్కన హైహ్యాట్ నడుస్తోంది కాబట్టి. హైహ్యాట్‌ని తీసేశాక ఆ ఆలస్యానికి ఆధారం పోతుంది, ఒంటరిగా వింటే తడబాటులా ఉంటుంది. పది నోట్ల కోసం గ్రూవ్ లైబ్రరీ అంతా వెతకడం కన్నా మొదటి దారే త్వరగా తెమిలిపోతుంది.

1.67 సెకన్లు

72 టెంపోలో ఒక బీట్ 833 మిల్లీసెకన్లు. నాలుగు బీట్ల బార్ 3.33 సెకన్లు. ఒకటి మీద కిక్, మూడు మీద సైడ్ స్టిక్ పెట్టి మిగతాదంతా తీసేస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య 1.67 సెకన్లు. సైడ్ స్టిక్ అంటే కర్రని స్నేర్ మీద అడ్డంగా ఆనించి అంచు మీద టక్కున కొట్టేది. వేగంగా నడిచే పాటలో ఈ 1.67 సెకన్లలో ఓ బార్ అయిపోతుంది. ఇక్కడ అంతసేపూ డ్రమ్స్ నుంచి కొత్తగా ఏమీ రాదు.

ఆ ఖాళీలో నిజంగా ఏముంది? కిక్ మోత సాధారణంగా అర సెకనులోపే అణిగిపోతుంది. సైడ్ స్టిక్ ఇంకా ముందే. అంటే బార్‌లో ఎక్కువ భాగం కిట్ నుంచి ఏమీ ఉండదు, గిటారు ఒక్కటే. అదే కిక్‌తో పాటు రైడ్ సింబల్‌ని మెల్లగా ఒక్కసారి తాకిస్తే దాని మోత మూడో బీట్ దాటి వెళ్తుంది. దెబ్బ ఒక్కటే పెరిగింది, ఖాళీ మొత్తం నిండిపోయింది. నోట్లు లెక్కపెడితే రెండూ పలచటివే. చెవికి మాత్రం మొదటిది ఎండిన నేల, రెండోది తడి నేల. పలచటి డ్రమ్స్ రాయడమంటే ముందు ఇది తేల్చుకోవడం: ఖాళీ పొడిగా ఉండాలా, మోగుతూ ఉండాలా. ఎన్ని దెబ్బలన్నది ఆ తర్వాతి మాట.

మన సంగీతంలో ఈ ఆలోచన కొత్తదేం కాదు. తాళం వేయడంలో సశబ్ద క్రియ, నిశ్శబ్ద క్రియ అని రెండు ఉన్నాయి. ఆది తాళం వేసేటప్పుడు దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాల్లో చప్పుడు చేసేది మూడుసార్లే. మిగతా ఐదూ చెయ్యి లెక్కపెడుతూనే ఉంటుంది. విసురుకి చప్పుడు లేకపోయినా కొలత ఉంది. ప్రోగ్రామింగ్‌లో తేడా ఎక్కడ వస్తుందంటే, స్క్రీన్ మీద ఖాళీగా ఉన్న గడికి కొలత ఉన్నట్టు కనబడదు, అక్కడ ఏమీ లేనట్టే కనబడుతుంది. దాంతో చెయ్యి ఊరుకోక ఏదో ఒకటి పెట్టేస్తుంది.

మోత ఎంతసేపు నిలుస్తుందన్నది కిట్ నాణ్యత మీద ఆధారపడుతుంది. టూన్‌ట్రాక్ వాళ్ళదే ఇంకో సాఫ్ట్‌వేర్ సుపీరియర్ డ్రమ్మర్ 3లో శాంపిళ్ళు, అంటే రికార్డు చేసి పెట్టిన దెబ్బలు, 230 గిగాబైట్లకు పైనే ఉన్నాయి. అన్ని మైకులు, అన్ని స్థాయిల బలం, ఒక్కో సింబల్ పూర్తిగా అణిగేదాకా సాగే మోత, అన్నీ కలిసే అంత బరువు. చిన్న ఉచిత కిట్లలో చోటు మిగలడం కోసం సింబల్ మోతని మధ్యలోనే దించేసి ఉండొచ్చు. నిండు వాయింపులో ఎవరికీ తెలియదు, తర్వాతి దెబ్బ కప్పేస్తుంది. పలచటి దాంట్లో దొరికిపోతుంది. పరీక్ష సులువు: మిగతావన్నీ మ్యూట్ చేసి క్రాష్ సింబల్‌ని ఒక్కసారి కొట్టి, అణిగేదాకా వేలు కదపకుండా వినాలి. చివర్లో తలుపు మూసినట్టు ఆగిపోతే ఆ కిట్ ఈ పనికి కాదు.

రివర్బ్ (గది ప్రతిధ్వని) సంగతీ ఇదే లెక్క. స్నేర్ మీద పెట్టిన రివర్బ్ ఒకటిన్నర సెకనులో అణిగితే తర్వాతి కిక్ శుభ్రమైన నేల మీద పడుతుంది. మూడు సెకన్లు సాగితే ప్రతి కిక్కూ ముందరి స్నేర్ పొగలోంచి రావాలి. కొన్ని పాటలకి ఆ పొగే కావాలి, తప్పేం లేదు. కానీ ప్రీసెట్ ఎంత ఇస్తే అంత కాకుండా 1.67ని పక్కన రాసుకుని ఎంచుకోవాలి.

ఇంకోటి, బ్లీడ్, అంటే ఒకదాని చప్పుడు ఇంకోదాని మైకులోకి కారడం. నిజం కిట్‌లో కిక్ కొడితే స్నేర్ కింద తీగలు చిర్రుమంటాయి. స్నేర్ మైకు ఆ చిర్రుని పట్టుకుంటుంది, పైన ఓవర్‌హెడ్ మైకుల్లో అన్నీ కలిసి వినిపిస్తాయి. శుభ్రంగా ఉంటుందని చాలామంది ఈ బ్లీడ్‌ని, గది చప్పుడు పట్టే రూమ్ మైకుల్ని తీసేస్తారు. నిండు రాక్ ట్రాక్‌లో అది మంచిపనే కావచ్చు. పలచటి ట్రాక్‌లో అలా చేస్తే కిక్ ఒక గదిలో, స్నేర్ ఇంకో గదిలో ఉన్నట్టు విడిపోతాయి. ఖాళీలో వినిపించే ఆ చిర్రు, ఆ గది గాలే అవన్నీ ఒకే మనిషి ముందున్న ఒకే కిట్ అని చెప్పేవి. ఇక్కడ డ్రమ్ములకి దగ్గరున్న క్లోజ్ మైకులు దించి రూమ్ మైకులు పెంచడమే సరైన మొదటి అడుగు.

మెల్లగా కొట్టడం, సౌండ్ తగ్గించడం

మిడిలో ఒక దెబ్బ బలాన్ని 1 నుంచి 127 దాకా అంకెతో చెబుతారు. 1983లో మిడి వచ్చినప్పటి నుంచీ ఇదే కొలత. మౌస్‌తో నోటు పెడితే చాలా సాఫ్ట్‌వేర్లు 80కో 100కో పెట్టి ఊరుకుంటాయి. పలచటి పాటలో ఆ దెబ్బ పెద్దగా వినిపిస్తుంది. వెంటనే చేసే పొరపాటు ట్రాక్ ఫేడర్ (సౌండ్ మీట) దించేయడం. దాంతో సౌండ్ తగ్గుతుంది కానీ దెబ్బ స్వభావం మారదు. గట్టిగా కొట్టిన స్నేర్‌ని దూరం నుంచి వింటున్నట్టు ఉంటుంది. పక్క వీధిలో పెళ్ళి బ్యాండు మన ఇంట్లోకి వినిపించినట్టన్నమాట.

దీనికి తిరగేసి చేయాలి. బలం 40, 60 మధ్య పెట్టి, ఫేడర్‌ని పైకి తేవాలి. మెల్లగా కొట్టిన డ్రమ్ముకి పై ఫ్రీక్వెన్సీలు తక్కువ, కర్ర తగిలిన చప్పుడు మెత్తన, తోలు మోత ఎక్కువ. దాన్ని పెద్దగా వినిపిస్తే డ్రమ్మర్ చెవి పక్కనే కూర్చుని జాగ్రత్తగా వాయిస్తున్నట్టు ఉంటుంది. గొంతు కూడా మైకుకి దగ్గరగా మెల్లగా పాడిందే అయితే రెండూ ఒకే దూరంలో కూర్చుంటాయి.

ఇక్కడ కిట్‌లో మెల్లటి స్థాయిలు ఎన్ని రికార్డు చేశారన్నది బయటపడుతుంది. ఒక్కో బలానికి ఒక్కో పొర శాంపిళ్ళు ఉంటాయి. 49 దాకా ఒక పొర, 50 నుంచి ఇంకో పొర అయితే, 48, 52 అనే రెండు దెబ్బలు అంకెల్లో పక్కపక్కనే ఉన్నా చెవికి వేరే డ్రమ్ముల్లా ఉంటాయి. కీబోర్డు మీద ఒకే కీని కొద్దికొద్దిగా బలం పెంచుతూ ఇరవై సార్లు నొక్కితే ఆ గట్లు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. ఒక వాక్యంలోని దెబ్బలన్నిటినీ గట్టుకి ఒకే పక్కన ఉంచుకుంటే సగం సమస్య పోతుంది.

తమాషా ఏమిటంటే, అందరూ భయపడే మెషిన్‌గన్ ఎఫెక్ట్ ఇక్కడ పెద్ద సమస్య కాదు. ఒకే శాంపిల్ మళ్ళీ మళ్ళీ మోగడం వల్ల స్నేర్ రోల్ తుపాకీలా వినిపించడం అది. దానికే రౌండ్ రాబిన్ అని ఒకే బలానికి నాలుగైదు వేరే శాంపిళ్ళు పెడతారు. సైడ్ స్టిక్ 3.33 సెకన్లకి ఒకసారి పడుతుంటే రెండూ ఒకే శాంపిలేనని చెవి అంత తేలిగ్గా పట్టుకోదు. అంటే రౌండ్ రాబిన్ తక్కువున్న చవక కిట్ అయినా ఈ పనికి నిలబడొచ్చు, సింబల్ మోత పూర్తిగా ఉండి, మెల్లటి పొరలు రెండు మూడు ఉంటే చాలు. కిట్ల రివ్యూల్లో చూసే లెక్కలకీ ఈ అవసరానికీ పొంతన ఉండదు.

బలాల్లో తేడా ఎలా ఉండాలన్నది ఇంకో ప్రశ్న. హ్యూమనైజ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అంకెల్ని అటూ ఇటూ చెదరగొడుతుంది. నిండు హైహ్యాట్‌కి అది పర్వాలేదు. ఎనిమిది బార్లలో పదహారే దెబ్బలుంటే ఒక్కో దెబ్బకీ కారణం ఉండాలి. పాట వాక్యం నాలుగు బార్లు సాగుతుందనుకుందాం. సైడ్ స్టిక్ బలాలు 52, 55, 60, 48 అని పెడితే వాక్యంతో పాటు పైకి వెళ్ళి, ఊపిరి తీసుకునే చోట వాలుతుంది. తర్వాతి నాలుగు బార్లకి 54, 57, 64, 46. బటన్ నొక్కితే వచ్చేది ఇది కాదు, చేత్తో రాస్తే రెండు నిమిషాల పని.

గ్రిడ్ ఎవరిది

సమయం విషయంలో పలచటి వాయింపు కఠినం. నిండు ట్రాక్‌లో ఒక దెబ్బ 20 మిల్లీసెకన్లు పక్కకి జరిగితే మిగతా దెబ్బలు దాన్ని మోసుకుపోతాయి. ఇక్కడ దాన్ని మోసేవాళ్ళు లేరు. కొలిచేది ఒక్క గిటారే.

గిటారు మనిషి వాయించింది. క్లిక్ (లయ చెప్పే టిక్కు చప్పుడు) పెట్టుకుని వాయించినా ఒకటో బీట్ మీద స్ట్రమ్ ఒక్కోసారి 10 మిల్లీసెకన్లు ముందూ, 15 వెనకా పడుతుంది. కిక్‌ని సరిగ్గా గ్రిడ్ (స్క్రీన్ మీద బీట్లు చూపే గీతలు) మీద పెడితే అది గిటారుతో కలవకుండా ‘ధ-డుం’ అని రెండుగా చీలి వినిపిస్తుంది. చాలామంది చేసే పని గిటారుని క్వాంటైజ్ చేయడం, అంటే గ్రిడ్‌కి అతికించడం. అలా చేస్తే పాటలో ఉన్న ఒక్క ప్రాణమున్న వాయిద్యం కూడా బిగుసుకుపోతుంది. దానికి బదులు ఎనిమిది బార్లలోని ఎనిమిది కిక్కుల్నీ ఒక్కొక్కటిగా జూమ్ చేసి గిటారు తీగ మోగిన చోటికి జరపాలి. ఎనిమిదే కదా. నిండు ట్రాక్‌లో ఇది పిచ్చి పని, ఇక్కడ పావుగంట పని. పలచగా రాయడంలో ఉన్న పెద్ద సౌకర్యం ఇదే, ప్రతి దెబ్బ దగ్గరికీ స్వయంగా వెళ్ళొచ్చు. క్లిక్ లేకుండా రికార్డు చేసిన పాటైతే ముందు పాట వేగం ఎక్కడెలా మారిందో చెప్పే టెంపో మ్యాప్ వేసుకోవాలి. లాజిక్‌లో 2018లో వచ్చిన స్మార్ట్ టెంపో ఆ పని చాలావరకు చేస్తుంది.

కిక్ గిటారుతో అతుక్కున్నాక సైడ్ స్టిక్‌ని కొంచెం వెనక్కి లాగొచ్చు. 72 టెంపోలో, బీట్‌కి 960 టిక్కులున్న ప్రాజెక్టులో, ఒక టిక్కు 0.87 మిల్లీసెకను. 17 టిక్కులు జరిపితే దాదాపు 15 మిల్లీసెకన్లు. పాట తీరిగ్గా కూర్చున్నట్టు ఉంటుంది. ఈ ఆలస్యం అన్ని బార్లలోనూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకసారి 15, ఒకసారి మైనస్ 8, ఒకసారి 22 అని పడితే తీరిక పోయి తడబాటు వస్తుంది.

దీని వెనక ఒక పరిశోధన ఉంది. జర్మనీలోని గాటింగెన్‌లో హోల్గర్ హెన్నిగ్, ఆయన సహచరులు మనుషులు లయ తప్పే తీరుని కొలిచి 2011లో ప్రచురించారు. మనిషి వాయింపులో తేడాలు చెల్లాచెదురుగా ఉండవు. ఇప్పటి తప్పుకీ చాలా బీట్ల కిందటి తప్పుకీ సంబంధం ఉంటుంది. ఒకసారి వెనకపడితే కాసేపు వెనకే ఉండి, నెమ్మదిగా ముందుకి వస్తాడు. అలాంటి తేడాలున్న సంగీతాన్నీ, సంబంధం లేని తేడాలు చల్లిన సంగీతాన్నీ వినిపిస్తే వినేవాళ్ళు మొదటి దానికే మొగ్గు చూపారు. చాలా సాఫ్ట్‌వేర్లలో హ్యూమనైజ్ చేసేది రెండోదే, చల్లడం. పదహారు దెబ్బల్లో చల్లితే అది మనిషితనంలా కాకుండా రికార్డింగ్‌లో లోపంలా వినిపిస్తుంది.

రెండు చేతులు, రెండు కాళ్ళు

రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌కి ఒక అలవాటు ఉండేది. స్నేర్ మీద దెబ్బ వేసేటప్పుడు హైహ్యాట్ మీదున్న చేతిని పైకెత్తేసేవాడు, ఆ రెండూ కలిసి మోగేవి కావు. స్నేర్‌కి దారి దొరికేది, హైహ్యాట్‌లో చిన్న చిన్న కిటికీలు తెరుచుకునేవి. వర్చువల్ డ్రమ్మర్‌లో దీన్ని తెచ్చుకోవడం రెండు క్లిక్కుల పని: స్నేర్ ఉన్న ప్రతిచోటా హైహ్యాట్ నోటుని చెరిపేయడం. పూర్తి పలచదనం వద్దు, కొంచెం తగ్గితే చాలు అనుకునేవాళ్ళకి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

హైహ్యాట్ ఉండాలి కానీ టిక్కుటిక్కు వద్దనుకుంటే 44వ నోటు ఉంది. కాలితో పెడల్ నొక్కితే రెండు రేకులూ కలిసి ‘చిక్’ మనే చప్పుడు. కర్ర తగలదు, మోత మిగలదు. రెండు, నాలుగు బీట్ల మీద 35 బలంతో పెడితే వినేవాళ్ళకి తెలియకుండానే లెక్క అందుతుంది. నిశ్శబ్ద క్రియకి అతి దగ్గరగా వచ్చే డ్రమ్స్ దెబ్బ ఇదే అనిపిస్తుంది.

బ్రష్‌లతో మాత్రం జాగ్రత్త. తోలు మీద బ్రష్‌ని గుండ్రంగా తిప్పుతూ చేసే ‘శ్శ్’ అనే రాపిడి ఒక దెబ్బ కాదు, ఆగని కదలిక. సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలుగా కోసి అతికిస్తుంది. పలచటి పాటలో ఆ అతుకు వినిపిస్తుంది. రాపిడి జోలికి పోకుండా బ్రష్‌తో తట్టే శాంపిళ్ళు మాత్రం వాడుకుంటే మేలు.

షేకర్, తబలా

డ్రమ్స్ తగ్గించగానే ఆ ఖాళీలో పర్కషన్ పోసేయాలన్న ఆత్రం వస్తుంది. షేకర్ ఒకటి, టాంబరిన్ ఒకటి, కాంగా ఒకటి. అయ్యేసరికి తీసేసిన హైహ్యాటే వేరే వేషంలో తిరిగొస్తుంది. ఒక్కటి ఎంచుకుని, అది కూడా పల్లవిలోనో చరణంలోనో ఒక్కచోటే పెట్టడం మంచిది.

షేకర్‌కి గ్రిడ్‌తో ఒక పేచీ ఉంది. ఊపడం మొదలుపెట్టాక లోపలి గింజలు అవతలి గోడకి చేరడానికి కొంత సమయం పడుతుంది. శాంపిల్ ఆ ఊపు దగ్గరే మొదలవుతుంది, అసలు ‘ఛక్’ తర్వాత వస్తుంది. నోటుని గ్రిడ్ మీద పెడితే ఎప్పుడూ ఆలస్యంగా వినిపిస్తుంది. వేవ్ బొమ్మ చూసుకుంటూ శాంపిల్‌ని బట్టి 10 నుంచి 30 మిల్లీసెకన్లు ముందుకి జరపాలి. ముందుకి ఊపు, వెనక్కి ఊపు ఒకే బలంతో ఉండవని కూడా గుర్తుంచుకోవాలి, 60 తర్వాత 40, మళ్ళీ 60 తర్వాత 40.

మన పాటలకి షేకర్ కన్నా తబలా, డోలక్ ముందు గుర్తొస్తాయి. వీటి లూపులు, వర్చువల్ వాయిద్యాలు బాగానే దొరుకుతున్నాయి. స్వర్‌ప్లగ్ లాంటివి హోమ్ స్టూడియోల్లో వాడుకలో ఉన్నవే. లూపుతో వచ్చే చిక్కు డ్రమ్మర్‌తో వచ్చినదే, నిండుగా వస్తుంది. పైగా ఆడియో లూప్ అయితే లోపలి దెబ్బని తీసేయడం కష్టం, ఒకదాని మోత ఇంకోదాని మీద పడి ఉంటుంది. పలచగా కావాలంటే లూపు వదిలేసి ఒక్కో బోలుని (తబలా దెబ్బని) విడిగా వాయించే కిట్ తీసుకోవాలి. అయినా డగ్గా (ఎడమ చేతి వాయిద్యం) మీద మణికట్టు నొక్కి ‘ఘే’ని జారించే గమకం 127 అంకెల్లో ఒదగదు. జారుతూ రికార్డు చేసిన శాంపిల్ విడిగా ఉంటే వాడుకోవాలి, లేకపోతే ఆ జారుడు అక్కర్లేని చోటే తబలా పెట్టాలి.

తబలా నుంచి డ్రమ్స్ నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. కహర్వా ఎనిమిది మాత్రలు: ధా గే నా తి, నా కే ధి నా. మొదటి మాత్రలో ‘ధా’ రెండు చేతులదీ, డగ్గా గుమ్మంటుంది. ఐదో మాత్ర ఖాళీ, అక్కడ ‘నా’ అనే కుడి చేతి దెబ్బే ఉంటుంది, కింది గుమ్ము ఉండదు. పేరుకి ఖాళీ అయినా అక్కడ వాయింపు ఆగదు, బరువు మాత్రమే పోతుంది. దీన్ని రెండు బార్ల డ్రమ్స్‌కి వేస్తే, మొదటి బార్‌లో ఒకటి మీద కిక్, మూడు మీద సైడ్ స్టిక్. రెండో బార్‌లో కిక్ లేదు, మూడు మీద సైడ్ స్టిక్ మాత్రం ఉంది. కిక్కులు సగానికి సగం తగ్గాయి. అయినా పాట కుంటినట్టు అనిపించదు. కిక్ లేని బార్ కిక్ ఉన్న బార్‌కి బదులు చెబుతున్నట్టు ఉంటుంది.

ఇలా దొరికిన రెండు బార్లని పాటంతా కాపీ చేయొచ్చా అంటే, దాదాపుగా చేయొచ్చు. తేడాలు లేకపోతే విసుగొస్తుందని ప్రతి నాలుగు బార్లకీ ఏదో మార్చడం ఈ సాఫ్ట్‌వేర్లు నేర్పిన భయం. పలచగా వాయించే నిజం డ్రమ్మర్ మూడు నిమిషాలు అదే వాయిస్తాడు, బలం మాత్రం పాటతో పాటు కదులుతుంది. మార్పు కావాల్సింది చరణంలోంచి పల్లవికి తిరిగే మలుపులో. అక్కడ ఫిల్ బదులు ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడే లావు డ్రమ్ము) మీద నాలుగో బీట్‌లో ఒక్క దెబ్బ చాలు. క్రాష్ బదులు దూది గుండు కర్రతో సింబల్‌ని మెల్లగా లేపే స్వెల్ శాంపిల్ రెండు సెకన్ల ముందు నుంచి మొదలుపెడితే పల్లవి తలుపు తోసుకుని రాకుండా తెరుచుకుని వస్తుంది. కిట్‌లో అలాంటి శాంపిల్ లేకపోతే క్రాష్ మోతని రివర్స్ చేసి వాడటం పాత ఉపాయం, కానీ అది యంత్రం చేసిందని వెంటనే తెలిసిపోతుంది.

ఫోన్‌లో ఒకటో బీట్ ఎక్కడుంది

అంతా అయ్యాక మిక్స్‌ని ఫోన్ స్పీకర్‌లో వినాలి, వినేవాళ్ళలో చాలామంది వినేది అందులోనే కాబట్టి. కిక్ అసలు బలం 50 నుంచి 80 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ కింది భాగాన్ని దాదాపు వినిపించదు. నిండు ట్రాక్‌లో కిక్ పోయినా హైహ్యాట్, స్నేర్ లెక్క నిలబెడతాయి. పైన కట్టుకున్న ట్రాక్‌లో కిక్ పోతే మిగిలేది మూడు మీద పడే సైడ్ స్టిక్ ఒక్కటే. బార్‌కి ఒకే చప్పుడు వినిపిస్తే చెవి దాన్నే ఒకటో బీట్ అనుకుంటుంది. గిటారు ఒకటి మీద గట్టిగా లేకపోతే పాటంతా సగం బార్ జరిగిపోయినట్టు ఉంటుంది, గొంతు తప్పు చోట ఎత్తుకున్నట్టు ఉంటుంది. స్టూడియో హెడ్‌ఫోన్లలో ఇదేమీ తెలియదు.

సరిచేయడానికి కిక్‌ని పెంచుకుంటూ పోతే హెడ్‌ఫోన్లలో వినేవాళ్ళకి గుండెల మీద గుద్దినట్టుంటుంది. పెంచాల్సింది బీటర్ (కిక్ పెడల్ సుత్తి) తోలుకి తగిలే చప్పుడుని. కిక్ లోపలి మైకుని కాస్త పైకి తెచ్చి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ ఇస్తే ఫోన్‌లో ‘టప్’ అని చిన్నగా పలుకుతుంది. అదీ చాలకపోతే ఒకటో బీట్ మీద కిక్‌తో పాటు రైడ్‌ని 30 బలంతో తాకించాలి. కిక్ తీసేసిన రెండో బార్‌లోనూ ఆ రైడ్‌ని అలాగే ఉంచాలి.